నడుము బలమునకు బరువుల వ్యాయామము

మన కావ్యములలో స్త్రీ నడుమునకు జరిగినంత అన్యాయము మఱి యే అవయవమునకును జరుగలేదేమో! దానిని సింహపు నడుముతో పోల్చినవారు కొందఱు. పిడికిట ఇముడునన్నవారు కొందఱు. అసలు కలదో లేదో యని సందేహించినవారు మఱికొందఱు. సన్ననిదని మెచ్చినవారే కాని గట్టిదని మెచ్చినవారు అరుదు. ఆ కవులు ఒక్కదినము మన వంటయింట నిలిచి చూచియున్నచో, నడుము కలదో లేదో యను సందేహము వారికి తీరియుండెడిది.

ఒక్కసారి లెక్క వేసి చూతము. లీటరు నీరు ఒక కిలోగ్రాము బరువు. పది లీటర్ల బకెట్టు నెత్తిన పది కిలోగ్రాములు ఎత్తినట్లే. ఏడాది నిండిన బిడ్డ సుమారు 9 కిలోగ్రాములుండును. ఆ బిడ్డను చంకనెత్తుకొని మనము కూరయు తరుగుదుము, తలుపును తీయుదుము. త్రాగునీటి డబ్బాలో 20 లీటర్లు పట్టును. బియ్యపు సంచి తఱచుగా 25 కిలోగ్రాములది. వంటగ్యాసు సిలిండరులో గ్యాసు మాత్రమే 14.2 కిలోగ్రాములు, ఇనుపబుడ్డితో కలిసి అది సుమారు 30 కిలోగ్రాములగును. ఇన్ని బరువులను ఎత్తుచు దింపుచు నున్న స్త్రీని "మీరు బరువుల వ్యాయామము చేయుదురా?" అని అడిగిన, "అయ్యో! మాకెందుకండీ అవి? మగవారి పనులు" అని నవ్వును!

ఆ నవ్వు వెనుకనున్న నొప్పిని గూర్చియే మేము ఈ వ్యాసమున ముచ్చటింప దలచితిమి. ముప్పదియేండ్లు దాటకమునుపే "నడుము పడిపోయినది" అనుకొను సోదరీమణులు ఇంటింట నున్నారు. కాన్పు తరువాత పొట్ట తిరిగి బిగువునకు రాలేదని చింతించువారున్నారు. దగ్గినను తుమ్మినను మూత్రము చుక్క జాఱునని తల్లితో సైతము చెప్పుకొనలేక, పెండ్లిండ్లకును ప్రయాణములకును పోవుట మానుకొనువారున్నారు. ఆడజన్మకివి తప్పవని పెద్దలు చెప్పుదురు, మనమును నమ్ముదుము. ఈ బాధలలో అధికభాగము తగిన వ్యాయామముచే తగ్గించుకొన వీలైనవే.

నడుమును మోయు కండలు

నడుమనగా వెనుకనున్న వెన్నెముక మాత్రమే యని మనము తలంతుము. నిజమునకది చుట్టును గోడలు గల పాత్రవంటిది. పైమూత ఊపిరిత్తుల క్రిందనుండు విభాజక కండరము. అడుగున మూత్రాశయమును గర్భాశయమును మోయు కటితల కండరములు. వెనుక వెన్నునంటియుండు కండలు. ముందును ప్రక్కలను పొట్ట కండలు. ఈ సముదాయమునకే నేటి వ్యాయామశాలలలో 'కోర్' అని పేరు. ఈ గోడలన్నియు ఒక్కసారిగా బిగిసినప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి వెన్నెముకకు ఊతమిచ్చును. ఒక గోడ సడలిన, భారమంతయు తక్కినవానిపై పడును.

పొట్ట ముందుభాగమున రొమ్ముటెముకనుండి పొత్తికడుపు ఎముకవఱకు నిలువుగా రెండు పట్టీలవంటి కండలు కలవు. ప్రక్కలయందు ఒకదానిపై నొకటిగా మూడు పొరలు. పైపొర 'బాహ్య ఏటవాలు కండరము'. అది క్రింది ఎనిమిది ప్రక్కటెముకలనుండి బయలుదేరి పొట్ట ముందువైపునకు ఏటవాలుగా దిగును. దాని లోపలిది 'అంతర ఏటవాలు కండరము'. దాని పోగులు తుంటియెముకనుండి ఎదురు వాలున పైకి పోవును. అన్నిటికిని లోపలిది అడ్డకండరము. అది ప్రకృతి మనకిచ్చిన వడ్డాణమువలె నడుమును చుట్టియుండును.

పమిట ఎట్లు పోవునో తలచుకొనుడు. కుడి తుంటినుండి బయలుదేరి పొట్టమీదుగా ఎడమ భుజమునకు పోవును కదా! ఎడమప్రక్క బాహ్య కండరమును, కుడిప్రక్క అంతర కండరమును కలిసి ఇంచుమించు ఆ దారినే యుండును. ఆ రెండును కలిసి ముడుచుకొన్నచో మొండెము కుడివైపునకు తిరుగును. తక్కిన జత ఎడమవైపునకు త్రిప్పును. ఒకేప్రక్కనున్న రెండును పనిచేసినచో ఆ ప్రక్కకు వంగుదుము. మఱియు కుడిచేత బరువు పట్టినప్పుడు మనము కుడివైపునకు ఒరిగిపోకుండ ఆపునవి ముఖ్యముగా ఎడమప్రక్క కండలే. త్రిప్పుట, వంచుట యెంత పనియో, త్రిప్పబడకుండ, వంగిపోకుండ నిలుపుట అంతకంటె గొప్ప పని. గృహిణికి నిత్యము కావలసినది ఈ రెండవ శక్తియే.

తిరుగలి పోయిన తరువాత

పూర్వము మన యిండ్లలో ఈ కండలకు వేఱుగ వ్యాయామము అక్కఱలేకపోయెను. తిరుగలి త్రిప్పునప్పుడు మొండెము ఇటునటు తిరిగెడిది. కవ్వపుత్రాటిని కుడిచేతను ఎడమచేతను మార్చి మార్చి లాగునప్పుడు రెండు ప్రక్కలును సమముగా పనిచేసెడివి. రోకలి ఎత్తి వేయునప్పుడు పొట్టయు వీపును కలిసి బిగిసెడివి. నేడు విసురుట, రుబ్బుట, చిలుకుట యంత్రముల పాలయ్యెను. అది మేలే. తెల్లవాఱుజామున లేచి పుట్లకొలది దంచిన మన అవ్వల చేతుల కాయలను చూచినవారెవ్వరును ఆ దినములు తిరిగి రావలెనని కోరరు.

అయితే పని తగ్గినను బరువులు తగ్గలేదు. దినమంతయు కూర్చుండి చేయు ఉద్యోగమునుండి ఇంటికి వచ్చి, ఒక్కసారిగా బియ్యపు సంచిని లేపబోయిన, సిద్ధముగాలేని నడుము పట్టుకొనక యేమి చేయును? కొందఱు "మాకు ఇంటిపనియే వ్యాయామ" మందురు. ఇంటిపని గొప్పదే. కాని అది మన బలమును చూచి బరువును నిర్ణయింపదు. బిడ్డను ఎల్లప్పుడును ఒకే చంకన మోయింపజేయును. అలసినవేళ విశ్రాంతి నీయదు. వ్యాయామమున బరువును మనమే ఎంచుకొందుము, రెండు ప్రక్కలకును సమముగా పంచుదుము, క్రమముగా పెంచుదుము, నడుమ విశ్రమింతుము. పనికి మనము లోబడియుందుము. వ్యాయామము మనకు లోబడియుండును.

మూడు అపోహలు

బరువులెత్తిన స్త్రీకి మగవాని కండలు వచ్చునన్నది మొదటి అపోహ. కండలను విస్తారముగా పెంచు టెస్టోస్టిరోను అను రసము పురుషులలో స్త్రీలకంటె పలురెట్లు అధికము. ఒకటి రెండు కిలోల సీసాలతో వారమునకు మూడుదినములు శ్రమపడిన స్త్రీకి నడుము గట్టిపడును, నిలుకడ చక్కబడును, అంతే. బరువులెత్తుట ఆడతనమునకు తగదందురా? శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లీశ్వరిని తలచుకొనుడు. స్త్రీల బరువులెత్తు పోటీలు ఒలింపిక్సులో మొదటిసారిగా 2000వ సంవత్సరమున సిడ్నీలో జరిగినవి. అందు 69 కిలోల తరగతిలో ఆమె మొత్తము 240 కిలోగ్రాములెత్తి కాంస్యపతకము గెలుచుకొనెను. ఒలింపిక్సు పతకము పొందిన భారతస్త్రీలలో మొట్టమొదటిది మన తెలుగుబిడ్డ; అదియు బరువులెత్తియే! తాలింఖానాలలో గదలును సంగిడిగుండ్లును మగవారి సొత్తుగా ఉండిన దేశమున ఇది చిన్న మాట కాదు.

పొట్ట వ్యాయామముచే పొట్టమీది క్రొవ్వే కరుగునన్నది రెండవ అపోహ. 1971లో ప్రచురింపబడిన యొక అమెరికా పరిశోధనలో టెన్నిసు ఆటగాండ్ర చేతులను కొలిచి చూచిరి. బంతిని కొట్టు చేయి రెండవదానికంటె లావుగానుండెను. కాని చర్మము క్రింది క్రొవ్వున మాత్రము చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అనగా పనిచేసిన చోట కండ పెరుగునుగాని క్రొవ్వు అచ్చటనే కరుగదు. క్రొవ్వు తగ్గుటకు ఆహారమున మితము, నడక, నిద్ర మొదలగునవన్నియు కావలెను. దక్షిణాసియా స్త్రీలకు నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు మించిన మధుమేహము, గుండెజబ్బు మున్నగువాని భయము హెచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. టేపు పెట్టి కొలుచుకొనుట మంచిదే. ప్రక్కకు వంగినంతమాత్రమున ఆ కొలత తగ్గునని ఆశపడుట మాత్రము వ్యర్థము.

కాన్పు తరువాత గుడ్డతో బిగించికట్టిన పొట్ట తిరిగి గట్టిపడునన్నది మూడవ అపోహ. కట్టు కొంతకాలము ఊతగా నుండి హాయి నొసగవచ్చును. కాని బయటి గుడ్డ పనిచేయునంతసేపు లోపలి కండకు పని నేర్పువారెవ్వరు? మితిమీఱి బిగించిన, ఒత్తిడి క్రిందికి దిగి కటితల కండరములకే భారమగును.

బరువులను సమకూర్చుకొనుట

వ్యాయామశాలకు పోవు వీలున్నవారు అచ్చటి డంబెళ్లను వాడుకొనవచ్చును. ఇంటనే చేయువారికి ఖర్చుతో పనిలేదు. లీటరు సీసాను నీటితో నింపిన సుమారు ఒక కిలో, అర లీటరు సీసాను నింపిన అర కిలో. అదే లీటరు సీసాను పొడి ఇసుకతో నింపిన ఒకటిన్నర కిలోకు మించును. మూడు నాలుగు సీసాలను గట్టి గుడ్డసంచిలో వేసిన మోతకు తగిన బరువు సిద్ధము. మూత బిగువుగా నుండవలెను. నీరు కాఱి నేల తడిసిన జాఱి పడుదుము. చీర కట్టినవారు కుచ్చెళ్లు కాలికడ్డుపడకుండ దోపుకొనవలెను. పంజాబీదుస్తులు మఱింత అనుకూలము. భోజనమైన రెండు గంటలవఱకు చేయరాదు.

మొదట బరువులేకుండ ఊపిరి నేర్చుకొందము. వెల్లకిల పరుండి మోకాళ్లు మడువుడు. ముక్కుతో గాలి పీల్చుకొనునప్పుడు ప్రక్కటెముకలు ఇరువైపుల విచ్చుకొనవలెను. నోటితో మెల్లగా విడుచుచు, మూత్రమును ఆపుకొనునట్లుగా క్రిందికండలను పైకి బిగించి, బొడ్డు క్రింది భాగమును మెత్తగా లోనికి తీసికొనుడు. ఎవరైన వేళాకోళమునకు పొట్టమీద తట్టబోవునప్పుడు మనకు తెలియకయే బిగియునే, ఆ బిగువే మనకు కావలసినది. ఇట్లు పదిసార్లు చేయుడు. ఇది కుదిరినతరువాతనే బరువు ముట్టుడు. ఈ క్రింది అన్నిటియందును శ్రమపడునప్పుడు ఊపిరి విడువవలెను, తిరిగి వచ్చునప్పుడు పీల్చవలెను. ఊపిరి బిగబట్టుట ఎవ్వరికిని తగదు; రక్తపుపోటు గలవారికి ప్రమాదకరము.

ఐదు వ్యాయామములు

మొదటిది ఒంటిచేతి మోత. మూడు కిలోల సంచిని కుడిచేత వ్రేలాడదీసి నిటారుగా నిలువుడు. రెండు భుజములును ఒకే యెత్తున నుండవలెను. సంచి కాలికి తగులకుండ, ఒరగకుండ, ముప్పది అడుగులు మెల్లగా నడిచి, చేయి మార్చి తిరిగి రండు. ఇట్లు మూడు పర్యాయములు. చూచుటకిది పెరటినుండి నీరు తెచ్చినట్లేయుండును. భేదమెక్కడనన, నీరు తెచ్చునప్పుడు మనము బకెట్టు వైపునకో దాని కెదురువైపునకో ఒరిగిపోదుము. ఇక్కడ ఒరగకుండుటయే వ్యాయామము. అద్దము ముందు నడిచిన తప్పు తెలియును.

రెండవది ప్రక్కకు వంగుట. పాదములను తుంటి వెడల్పున నుంచి కుడిచేత ఒక కిలో సీసాను పట్టుడు. ఎడమచేతిని నడుముపై నుంచుడు. ముందుకు వెనుకకు వాలక, గోడకు వీపానించినట్లుగా, కుడిప్రక్కకే మెల్లగా వంగి, ఎడమప్రక్క కండల బలముతో తిరిగి లేవుడు. పదిసార్లు చేసి చేయి మార్చుడు. కొందఱు రెండు చేతులను రెండు బరువులు పట్టి వంగుదురు. అందు ఒక బరువు రెండవదానికి త్రాసువలె సరిపోయి కండకు మిగులు పని కొంచెమే. ఒక్కచేత పట్టుటయే మేలు.

మూడవది ఏటవాలుగా ఎత్తుట. రెండు చేతులతో ఒక కిలో సీసాను పట్టి ఎడమ తుంటి ప్రక్కనుంచుడు. ఊపిరి విడుచుచు సీసాను పొట్ట ముందునుండి కుడి భుజముపైకి ఎత్తుడు, పమిటకు ఎదురుదారిని గీత గీచినట్లు. మొండెముతోపాటు తుంటియు తిరుగవలెను. ఎడమ మడమ కొంచెము లేవవలెను. పాదములను నాటి నడుమును మాత్రము మెలిపెట్టరాదు. కుదుపక మెల్లగా దింపుడు. ఎనిమిదిసార్లైన పిదప రెండవవైపు, అనగా కుడి తుంటినుండి ఎడమ భుజమునకు.

నాలుగవది పరుండి కాలు దింపుట. వెల్లకిల పరుండి రెండు చేతులతో అర కిలో సీసాను రొమ్మునకు ఎదురుగా పైకెత్తి పట్టుడు. మోకాళ్లు మడిచియుండగనే కాళ్లను పైకెత్తి, పిక్కలు నేలకు సమాంతరముగ నుంచుడు. ఇప్పుడు ఊపిరి విడుచుచు కుడిమడమను మెల్లగా నేలకు తాకించి తిరిగి ఎత్తుడు, తరువాత ఎడమది. నడుము క్రింద చేయి దూఱునంత సందు ఏర్పడిన మీ పొట్ట సడలినదని గుర్తు. కాలిని సగమువఱకే దింపుడు. వైపునకు ఆఱుసార్లు చాలును.

ఐదవది ప్రక్కవంతెన. కుడిప్రక్కకు పరుండి మోకాళ్లు వెనుకకు మడిచి, కుడి మోచేతిని భుజము క్రింద ఊనుడు. తుంటిని నేలనుండి లేపి, తలనుండి మోకాలివఱకు ఒకే గీతగా పది లెక్కించువఱకు నిలుపుడు. వైపునకు మూడుసార్లు. ఇది తేలికైనపుడు ఇరువది లెక్కవఱకు, ఆపై పైతుంటిమీద ఒక కిలో సీసాను చేత పట్టియుంచి చేయవచ్చును. కెనడా దేశపు వాటర్లూ విశ్వవిద్యాలయమున వెన్నెముకను గూర్చి చిరకాలము పరిశోధించిన స్టువర్టు మెక్‌గిల్లు నడుమునొప్పి గలవారికి ముఖ్యముగా ఎంచిన మూడు వ్యాయామములలో ఈ ప్రక్కవంతెన యొకటి. వెన్నును అధికముగా నలిపివేయకయే ప్రక్కకండలకు పని కల్పించుట దీని గుణము.

కూర్చుండి కాళ్లు గాలిలోనుంచి బరువును ఇటునటు త్రిప్పు వ్యాయామమొకటి చలనచిత్రములలోను ప్రకటనలలోను తఱచుగా కనబడును. బలమైన నడుము గలవారికి అది తగును. క్రొత్తవారు దానితో మొదలిడరాదు. ఎముకలు గుల్లబాఱినవారు, అనగా ముట్లుడిగిన పెద్దలలో ననేకులు, బరువుతో వెన్నును వంచి త్రిప్పుట మానవలెను. వారికి మొదటి మోతయు ఐదవ వంతెనయు వైద్యుని సలహాతో చాలును.

ఎంత, ఎన్నిదినములు

ఈ యైదును కలిసి ఇరువది ఇరువదియైదు నిముషములు పట్టును. వారమునకు రెండు మూడు దినములు, నడుమ ఒక్కదినమైన విశ్రాంతి నిచ్చి చేయవలెను. కండ బలపడునది ఆ విశ్రాంతిలోనే. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూత్రముల ప్రకారము, పెద్దలు వారమునకు 150 నుండి 300 నిముషములు చుఱుకైన నడకవంటి శ్రమయు, అదిగాక రెండు దినములైన ముఖ్యమైన కండలన్నిటికిని బలమిచ్చు వ్యాయామమును చేయవలెను. కనుక నడుముతోపాటు తొడలను, వీపును, చేతులను మఱువరాదు.

బరువు పెంచుటకొక సులభమైన గురుతు కలదు. పండ్రెండుసార్లు చేసినపిదప ఇంకను నాలుగైదు సార్లు హాయిగా చేయగలమని తోచిన బరువు చాలదు. అర కిలో పెంచుడు. ఎనిమిది నిండకమునుపే భుజములు వంగి, ఊపిరి బిగిసి, నిలుకడ చెడిన బరువు హెచ్చు, తగ్గించుడు. పొరుగింటావిడ ఎత్తినదానితో మన కేమియు పనిలేదు. మొదటి కొన్ని వారములలో కలుగు బలము నరములు పని నేర్చుకొనుటవలననే అధికముగా కలుగును. కండ పెరుగుట తరువాతిది. రెండు మాసములవఱకు అద్దమును చూడక, బకెట్టు తేలికైనదా యని చూచుకొనుడు.

మఱునాడు కండలయందు తీపు ఉండుట సహజము. రెండు దినములలో పోవును. నొప్పి తుంటినుండి కాలిలోనికి సూదివలె దిగినను, కాలు తిమ్మిరెక్కినను, తల తిరిగినను, రొమ్ములో బరువుగా తోచినను, వెంటనే ఆపి వైద్యుని చూడవలెను. గిలక వంటి ప్రేగుజాఱుడు కలవారు, గుండెజబ్బు కలవారు, పొట్టకు ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు వైద్యుని అనుమతిలేక మొదలిడరాదు.

బాలెంతలకు ప్రత్యేకముగా ఒక మాట

గర్భముతో నున్నప్పుడు పొట్ట ముందరి రెండు నిలువుపట్టీలును ఎడమై, నడిమి గీత సాగును. అది దోషము కాదు; బిడ్డకు చోటు చేయుటకే. కాన్పు తరువాత కొన్ని మాసములలో అనేకులకు అది దగ్గఱపడును. కొందఱికి ఎడము మిగిలిపోవును. చూచుకొనుట సులభము. వెల్లకిల పరుండి, మోకాళ్లు మడిచి, తలను మాత్రము కొంచెమెత్తి, బొడ్డుకు పైనను క్రిందను వ్రేళ్లతో నొక్కి చూడుడు. నడుమ రెండు వ్రేళ్లకు మించిన సందు తోచినను, తలయెత్తినప్పుడు పొట్ట నడుమ గోపురమువలె ఉబికినను, ముందు ఫిజియోథెరపిస్టును చూడవలెను. అట్టివారు లేచి కూర్చుండు వ్యాయామములను, బరువుతో త్రిప్పు వ్యాయామములను తొందరపడి చేసిన మేలుకంటె కీడే కలుగవచ్చును.

సుఖప్రసవమైనవారు మేము పైని చెప్పిన ఊపిరి సాధనను, క్రిందికండల బిగింపును, ఒంటికి హాయిగానున్న కొద్దిదినములలోనే మొదలిడవచ్చును. బరువులను మాత్రము ఆఱు వారముల పరీక్ష అయిన తరువాత, వైద్యురాలు సరేయన్న పిదపనే ముట్టవలెను. శస్త్రచికిత్సతో కాన్పైనవారు ఇంకను ఆగవలెను. పైగాయము మానినంతలో లోపలి పొరలు మానినవని తలంపరాదు. వ్యాయామము చేయునప్పుడు మూత్రము జాఱినచో బరువు తగ్గించి, సిగ్గుపడక వైద్యురాలితో చెప్పుడు. అది ప్రాయమునకు వేసిన శిక్ష కాదు. చికిత్స కల బాధ. కటితల కండరములకు మూడు మాసములు క్రమముగా వ్యాయామము నేర్పుటయే దానికి వైద్యులు మొదట సూచించు చికిత్స.

కండకు తిండి

ఖాళీకడుపుతో గోడ కట్టలేము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయమునుబట్టి 55 కిలోల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాముల మాంసకృత్తులు కావలెను. వంద గ్రాముల పప్పులో సుమారు 22 గ్రాములు, ఒక గ్రుడ్డులో 6, గ్లాసెడు పాలలో ఆఱేడు గ్రాములుండును. అందఱికిని వడ్డించి, అడుగంటిన చారుతోను పచ్చడితోను భోజనము ముగించు గృహిణికి ఈ లెక్క ఎన్నడును పూర్తికాదు. పప్పు గిన్నెలో తన పాలు ముందే తీసి యుంచుకొనుట స్వార్థము కాదని మా దృఢాభిప్రాయము.

నిత్యపు బరువుల విషయమున

వ్యాయామమున నేర్చినదానిని వంటయింట వాడుకొననిచో ఫలమేమి? సంచిని ఎత్తునప్పుడు దానికి దగ్గఱగా నిలిచి, మోకాళ్లు వంచి, పొట్ట బిగించి, ఊపిరి విడుచుచు లేపుడు. చేత బరువుండగా నడుమును త్రిప్పక, అడుగులతో తిరుగుడు. బిడ్డను ఒకపూట కుడిచంకను, ఒకపూట ఎడమచంకను ఎత్తుకొనుడు. బజారు సంచిని రెండుగా పంచి రెండు చేతుల మోయుడు. నిండు సిలిండరును ఒంటరిగా ఎత్తుట బలమునకు గుర్తు కాదు. ఇంట మగపిల్లలున్నది ఎందులకు? వారిని పిలువుడు.

ఇక మిగిలిన అడ్డంకి ఒక్కటే. "ఇదేమి చోద్యమమ్మా! సీసాలు పట్టుకొని ఊగులాటలు?" అని అత్తగారు నవ్వవచ్చును. "ఆ ఇరువది నిముషములలో రెండు పనులగునే" అని మనస్సే గుసగుసలాడవచ్చును. అత్తగారి నవ్వునకు మందు ఆమెనుగూడ ప్రక్కన నిలువబెట్టి చేతికొక అర లీటరు సీసా ఇచ్చుటయే. అఱువదియైదేండ్లు దాటినవారికి బలమును నిలుకడయు నిచ్చు వ్యాయామములు వారమునకు మూడుదినములైన కావలెనని ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఏలనన ఆ వయస్సున ఒక్కసారి జాఱిపడుట జీవితమునే మార్చివేయును. మనస్సు గుసగుసకు మాత్రము ఎవరికి వారే సమాధానము చెప్పుకొనవలెను.

ఇంటిల్లిపాది బరువును మోయు నడుమునకు వారమున మూడు ఇరువది నిముషములు మిగులవా? పీటమీదనుండి చేయూత లేక లేచుట, మనుమని మనచేతులతోనే ఎత్తుకొనుట, తలుపువద్ద నున్న బకెట్టును ఎవరినో పిలువకయే లోనికి తెచ్చుకొనుట: ముసలితనమున స్వాతంత్ర్యమనగా ఇట్టి చిన్న పనులే. దానిని ముప్పదియవ ఏటనే కూడబెట్టుకొన మొదలిడవలెను. ఏబదియవ ఏట మొదలిడినను వడ్డీ రాకపోదు. రేపటి ఉదయమున ఒక సీసాను నీటితో నింపి తలుపు ప్రక్కన నుంచుడు.